దుకాణానికి రాని జేగంట

సోలో పట్నంలో పాత సామాన్ల బజారు క్లితికన్‌లో దొరకని వస్తువు లేదు, నమ్మదగ్గ వస్తువూ లేదు. దొంగిలించిన మోటారు సైకిలు చక్రం దగ్గర్నించి చచ్చిపోయినవాడి కళ్ళద్దాల దాకా గుడ్డ మీద పరిచి అమ్ముతారు. ఆ బజారు చివర లియాంగ్ దుకాణంలో విజీ నేల మీద గొంతుక్కూచున్నాడు. ముందు బల్లంత పాత మిక్సరు. మైకులన్నిటి శబ్దాన్నీ ఒక్కచోటికి తెచ్చి, ఎవరి గొంతు ఎంత వినబడాలో తేల్చే యంత్రం అది. దాని మీటలు ఒక్కొక్కటే పైకీ కిందికీ జరుపుతూ, హెడ్‌ఫోను చెవులకి అదుముకుని వింటున్నాడు. గుమ్మం దగ్గర రుబియెం చేతులు కట్టుకుని నిలబడి చూస్తోంది. మిక్సర్ని కాదు, విజీని.

"ఏమయ్యా, పెళ్ళిచూపుల్లో పిల్లని కూడా ఇంతసేపు చూడరు."

"పిల్ల బాగోకపోతే సర్దుకుపోవచ్చక్కా. ఇది బాగోకపోతే మన బొమ్మలాటే పోతుంది."

లియాంగ్ పకపకా నవ్వాడు, విజీ కూడా నవ్వాడు. ఆ నవ్వు రుబియెంకి నచ్చలేదు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే మాటకి నవ్వుతున్నారంటే మధ్యలో మునిగేవాడు ఇంకెవడో ఉన్నాడన్న మాట.

పొద్దున్నించీ ఇదే వరస. అద్దాల పెట్టెలో కొత్త కెమెరా తళతళలాడుతుంటే విజీ దాన్ని ముట్టుకోలేదు. "అది ఫొటోలకి, ఆటకి కాదు. సగం ఆట కాకముందే వేడెక్కి కళ్ళు మూసుకుంటుంది," అన్నాడు. చర్మం ఊడిన పాత కెమెరాలు రెండు ఏరాడు. రెండూ ఒకే కడుపున పుట్టినవి కావాలట. లేకపోతే ఒకదాంట్లో బొమ్మ పసుపుగా, ఇంకోదాంట్లో నీలంగా కనబడి, చూసేవాడికి బొమ్మకి కామెర్లొచ్చాయేమో అనిపిస్తుందట. కంప్యూటరు సంగతి సరేసరి. సన్నగా, సంచిలో పెట్టుకునేలా ఉండే ల్యాప్‌టాప్ వద్దన్నాడు. కోళ్ళ గూడంత పెట్టె, వెనక రెండు ఫ్యాన్లు ఉన్నదాన్ని కావలించుకుని తెచ్చాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లైవు పంపాలంటే ఊపిరి తీసుకునే చోటుండాలట. అన్నిటికీ ఏదో ఒక కారణం ఉంది. కారణాలు మరీ ఎక్కువున్నవాడిని నమ్మకూడదని రుబియెం వాళ్ళమ్మ చెప్పేది.

ఆమె వంగి మిక్సర్ని చూసింది. మీటల కింద పాత కాగితపు టేపు అంటించి ఉంది. ఎవరో గోరుతో గీకారు, పూర్తిగా ఊడలేదు. "డోలు." "పిల్లనగ్రోవి." దాని పక్కన ఇంకో ముక్క. దాని మీద సగం చెరిగిన అక్షరాలు: "రుబియె..."

ఇది తన పేరు. ఈ వంకర రాత విజీది. తన పేరుకి పైనున్న మీట జరిగే గాడి చూసింది. పై సగం కొత్తదానిలా నల్లగా ఉంది. కింది సగం ఏళ్ళ తరబడి జరిపీ జరిపీ నలిగి మెరుస్తోంది. ఆ మీట ఎన్నడూ పైకి వెళ్ళలేదు.

"ఇది హర్దొనొది కదూ?"

విజీ హెడ్‌ఫోను దించాడు. దాచడానికేం లేదన్నట్టు తలూపాడు. "అవునక్కా. ఆయన అమ్మేశాడు, లియాంగ్ అన్న కొన్నాడు. ఎనిమిదేళ్ళు నా చేతుల్లో ఉంది. దీని జబ్బులన్నీ నాకు తెలుసు."

"ఆయన పారేసిన చెత్తని మన డబ్బుతో మళ్ళీ కొనిపిస్తున్నావన్న మాట!"

"చెత్తో కాదో చెవులకి తగిలించుకుని విను."

"చెవులకి ఇంకేమీ తగిలించుకోను. తగిలించుకున్నవి చాలు," అని రుబియెం బయటికి నడిచింది.

ఆమెకి ఆ కోపం ఊరికే రాలేదు. రుబియెం పాటకత్తె. వొనొగిరి పల్లెల్లో తోలుబొమ్మలాట జరిగిన చోటల్లా గామెలాన్ వాద్యాల నడుమ మోకాళ్ళు మడిచి కూచుని పాడుతుంది. కాళ్ళు తిమ్మిరెక్కేదాకా, గొంతు మండేదాకా పాడుతుంది. కొన్నేళ్ళ కిందట హర్దొనొ అనే ఆసామి కెమెరాలతో దిగాడు. ఆటలన్నీ లైవు పెట్టాడు. హాంకాంగ్‌లో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, మలేసియా తోటల్లో కూలీలు ఫోన్లలో చూశారు. చూసినవాళ్ళు పంపే కానుకలు, ప్రకటనల రాబడి హర్దొనొకి. వాయించినవాళ్ళకి అన్నం పొట్లం. అడిగితే, "మీకు పేరొస్తోంది కదా," అనేవాడు. పేరు పొయ్యి మీద పెడితే ఉడుకుతుందా? యంత్రం ఎవడి చేతిలో ఉంటే గొంతు వాడిదే. ఈ ముక్క అర్థం కావడానికి బృందానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

చివరికి వాద్యగాళ్ళంతా చీటీ కట్టుకుని సొంత సామాను కొందామనుకున్నారు. అందర్నీ ఒప్పించి కూడగట్టింది రుబియెం. హర్దొనొ దగ్గర పని పోయిన విజీ, "నేను చేసి పెడతాను," అని వచ్చాడు. పంటలయ్యాక జరిగే ఊరు శుద్ధి పండుగలో పగటి ఆట వాళ్ళ మొదటి లైవు. అది సవ్యంగా జరిగితే చుట్టుపక్కల ఊళ్ళ ఆటలు వాళ్ళవి. చెడితే మళ్ళీ హర్దొనొ గుమ్మం, మళ్ళీ పొట్లం. ఈసారి చీటీ డబ్బు కూడా పోతుంది. ఊళ్ళో ప్రతి గుమ్మం దగ్గరా రుబియెం మొహం చూపించాలి.

బజారుకి వచ్చే ముందు వారం ఒక పెళ్ళిలో హర్దొనొ ఆమెని పలకరించాడు. తీపి టీ గ్లాసు చేతికిచ్చి మరీ పలకరించాడు.

"సొంతంగా పెడుతున్నారట కదమ్మా. సంతోషం. విజీని అడిగానని చెప్పు. మంచి పనివాడు. నాతో ఇంకా మాట్లాడుతూనే ఉంటాడులే."

"ఏం మాట్లాడతాడు?"

"అబ్బే, ఏవో కబుర్లు. ఒక్క మాట, చెల్లెమ్మా. నీ గొంతు లైవులో వినబడదని ఎప్పుడూ నన్ను తిట్టుకునేదానివి. నేనా మిక్సరు దగ్గర కూచునేది? ఆ చెయ్యి ఎవరిదో ఆలోచించు."

అంతే. పాలకుండలో చింతపండు పిండడానికి బిందెడు పులుసు అక్కర్లేదు కదా.

ఆ మాట, ఈ నలిగిన మీట పక్కపక్కన పెట్టి చూస్తే రుబియెంకి ఇంక సాక్ష్యం అక్కర్లేకపోయింది. కెమెరాలూ కంప్యూటరూ విజీ ఏరినవే తీసుకోనిచ్చింది, వాటి సంగతి తనకి తెలీదు గనక. మిక్సరు మాత్రం తనే చూస్తానంది.

పెద్ద రోడ్డు మీద చల్లగాలి వీచే కొత్త అంగడి. లోపల జుట్టుకి గుడ్డ చుట్టుకున్న అమ్మాయి. అరచేతి రెండింతలుండే తెల్లటి పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. ఫోన్లో బట్టలమ్మేవాళ్ళూ కబుర్లు చెప్పేవాళ్ళూ అంతా ఇదే కొంటున్నారంది. మీటలు జరపక్కర్లేదు, మనిషి అక్కర్లేదు, గొంతుని తనే వెతికి పైకి తెస్తుంది, చుట్టూ ఉన్న రొదని తనే తుడిచేస్తుంది.

"పాడి చూడండి ఆంటీ."

రుబియెం మైకు అందుకుని ఒక్క చరణం పాడింది. ఆ అమ్మాయి దాన్ని తిరిగి వినిపించింది. రోడ్డు మీది మోటారు సైకిళ్ళు లేవు. ఫ్యాను గురగుర లేదు. కాచిన నేతిలా ఒక్క తన గొంతే. ఇన్నేళ్ళలో రుబియెం తన గొంతుని ఇంత దగ్గరగా వినలేదు. ఆమె కళ్ళు చెమర్చాయి. అది విజీ చూడకుండా మొహం తిప్పుకుంది.

"ఫ్యాను చప్పుడు ఏదక్కా?" అన్నాడు విజీ.

"పోయింది. పోతే మంచిదే కదా!"

"ఫ్యాను ఆగకుండా ఒకే తీరుగా మోగుతుంది గనక రొద అనుకుని తుడిచేసింది. మన జేగంట కూడా ఆగకుండా మోగుతుంది. అలలు అలలుగా, చాలాసేపు. ఇది మాటలకి చేసిన పెట్టె. దానికి తేడా తెలీదు."

"జేగంటకీ ఫ్యానుకీ తేడా తెలీని యంత్రం ఉంటుందా ఎక్కడైనా?"

"ఉంటుంది. నీ చేతిలో ఉంది."

"ఆ తుడవడం ఆపే బొత్తాం లేదా?" అని అతను అమ్మాయిని అడిగాడు. లేదంది. అన్నీ తనంతట తనే చేసుకోవడమే దీని గొప్ప అంది.

రుబియెం అతన్ని ఎగాదిగా చూసింది. "మనిషి అక్కర్లేని పెట్టె వస్తే నీ పని పోతుంది. అదీ నీ బాధ. నా గొంతు ముందుకొస్తే ఇంకొకరికి బాధ. పొట్లం కట్టమ్మా!"

విజీ ఊరికి వచ్చేదాకా బస్సులో కిటికీ వైపే చూస్తూ కూచున్నాడు. తప్పు చేసినవాడు కూడా అలాగే కూచుంటాడు.

పరీక్ష చేసి చూస్తే తేలిపోయేది. అక్కడే వచ్చింది చిక్కు.

బృందం జేగంట, దాన్ని కొట్టే వొంగ్సొ తాత ఇంట్లో, ప్రత్యేకమైన గదిలో చెక్క చట్రానికి వేలాడుతుంది. దానికి మనిషికున్నట్టు పేరుంది, పేరు ముందు పెద్దలకి పెట్టే బిరుదుంది. శుక్రవారం ముందురోజు సాయంత్రం పువ్వులు, సాంబ్రాణి. ఎవరూ దాన్ని దాటరు, దానికి కాళ్ళు చాపరు. ఆటలో తన వంతు వచ్చినప్పుడు మోగుతుంది తప్ప ఉత్తినే మోగదు. విజీ మైకు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు.

"తాతా, ఒక్క దెబ్బ. పెట్టెలో ఎలా పడుతుందో చూసుకోవాలి."

వొంగ్సొ తాత లవంగాల బీడీ నోట్లోంచి తీశాడు. "మీ తాత ఉన్నాడుగా ఇంట్లో?"

"ఉన్నాడు."

"నిద్రపోతున్నప్పుడు లేపి, ఏదీ ఒకసారి దగ్గు చూద్దాం, ఇంకా ఎన్నాళ్ళుంటావో లెక్క చూసుకోవాలి అని అడుగుతావా?"

"అడగను."

"మరి దీన్నెలా అడుగుతున్నావు?"

రుబియెం వెనక నిలబడి అంతా చూసింది. జేగంటని కొట్టమనడం ఆమెకీ ఒళ్ళు మండించింది. ఈ కుర్రాడికి దేని మీదా గౌరవం లేదనుకుంది. పైగా, దేనికి ఇంత తొందర? అది మోగకపోతే బాగుండునని చూస్తున్నాడా? "తాత చెప్పింది విన్నావుగా. కొట్టేదేదో ఆట రోజునే," అంది. మిగతా వాద్యాలన్నీ వాయించి చూశారు. అన్నీ బాగున్నాయి. ఆమె గొంతు అన్నిటికన్నా బాగుంది.

ఇంత పెద్ద బృందంలో, ఒక్కొక్క వాద్యాన్నీ మైకు ముందు పెట్టి చూసుకున్నవాళ్ళు, అసలైనదాన్ని భయభక్తుల కొద్దీ వదిలేశారు. భక్తి మంచిదే. కానీ యంత్రానికి భక్తి ఉండదు గదా.

పండుగ రోజు పొద్దున్నే ఊరంతా ఆటపందిట్లో ఉంది. మొదటి పళ్ళెం పసుపు అన్నం, కోడికూర ముందు ఊరిపెద్దకి వెళ్ళింది. ఊరిపెద్ద పక్క కుర్చీలో, ఎవరూ పిలవకుండానే, హర్దొనొ ఉన్నాడు. ఇస్త్రీ బాతిక్ చొక్కా, చేతిలో ఫోను. ఫోన్లో వాళ్ళ లైవే చూస్తున్నాడు.

ఆట మొదలయింది. కథ చెబుతూ బొమ్మలాడించే దళాంగు తెర ముందు కూచున్నాడు. రుబియెం పాడింది. బాగా పాడింది. మధ్యలో విరామం దొరికినప్పుడల్లా పక్కన పెట్టుకున్న ఫోన్లో చూసేవాళ్ళు రాస్తున్న మాటలు చదివింది. "పాటకత్తె గొంతు ఎంత బాగుందో!" "ఇన్నాళ్ళూ ఈమె ఎక్కడుంది?" హర్దొనొ వైపు గర్వంగా చూసింది. అతను తల పంకించి నవ్వాడు. ఆ నవ్వు ఎందుకు ఎదురొచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. ఓడినవాడు అలా నవ్వడు.

విజీ పెట్టె దగ్గర్నించి సైగ చేశాడు. చెవి చూపించి, చేతిని గాల్లో అడ్డంగా ఊపాడు. ఏదో లేదంటున్నాడు. ఆమె పట్టించుకోలేదు.

తర్వాత ఫోన్లో కొత్త మాటలు రావడం మొదలయ్యాయి.

"జేగంట ఏది?"

"మీ ఊళ్ళో జేగంట లేదా? అమ్ముకున్నారా?"

హాంకాంగ్ నించి ఒకామె రాసింది: "అంట్లు తోముతూ వింటున్నాను. ఆట వింటుంటే ప్రతి వరసకీ చివర నేల మీద కాలు పెట్టినట్టుండాలి. ఇందాకట్నించీ మెట్టు ఉందనుకుని కాలేసి పడిపోతున్నట్టుంది. జేగంట కొట్టండయ్యా!"

రుబియెం తల తిప్పి చూసింది. వొంగ్సొ తాత అప్పుడే జేగంట కొట్టాడు. ఆ మోత ఆమె కూచున్న చాప కిందుగా వచ్చి ఒళ్ళంతా అలలా పాకింది. పందిట్లో ఉన్నవాళ్ళందరికీ వినబడుతోంది. అందుకే ఎవరికీ తెలియలేదు. లోకానికి మాత్రం వెళ్ళడం లేదు.

చెలికత్తె బొమ్మల హాస్యం మొదలైంది. ఆ సమయంలో పాటలు తక్కువ, మాటలెక్కువ. రుబియెం నడుముకి చుట్టిన బట్ట అంచు ఎత్తిపట్టుకుని పెట్టె దగ్గరికి వెళ్ళింది. అప్పటికే ఊరిపెద్ద, హర్దొనొ, డోలు వాయించేవాడు అక్కడ ఉన్నారు.

"చెప్పలేదా నేను?" అంటున్నాడు హర్దొనొ, జాలిగా. "మనిషిని చూసి పని అప్పగించుకోవాలి. పాపం, చీటీ డబ్బు."

"నువ్వు చేశావా ఇది?" అంది రుబియెం విజీతో.

"పెట్టె చేసింది. కొట్టగానే 'ఠంగ్' అని మొదలు మాత్రం బయటికి వెళ్తోంది. వెనకాల అలని రొద అనుకుని తుడిచేస్తోంది. విను." హెడ్‌ఫోను ఇచ్చాడు.

ఈసారి ఆమె తగిలించుకుంది. జేగంట మోగింది. చెవుల్లో గిన్నె కింద పడ్డంత చప్పుడు. తర్వాత ఏమీ లేదు. శవం మొహం మీద గుడ్డ కప్పినంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం మధ్యలో పక్క పాటకత్తె గొంతు సవరించుకోవడం మాత్రం నేతిలా స్పష్టంగా వినబడింది.

"దీనికి మందుందా?"

"ఒకటే. ఈ పెట్టెని తీసి అవతల పెట్టాలి. జేగంట పక్కనున్న కెమెరాకి తన మైకు తనకుంది. దాన్నే నేరుగా కంప్యూటర్లోకి పంపుతాను. అది ఏదీ తుడవదు. కోళ్ళు, పిల్లలు, ఫ్యాన్లు, అన్నీ వినబడతాయి." అతను ఆగాడు. "కానీ ఒకే చెవి అక్కా అది. జేగంటకి దగ్గర, నీకు దూరం. నీ గొంతు వెనక్కి పోతుంది. పాతరోజుల్లోకన్నా వెనక్కి."

రుబియెం నవ్వింది, ఏడుపులాంటి నవ్వు. "అదేగా నీకు కావలసింది."

హర్దొనొ గొంతు తగ్గించాడు. "చూశావా చెల్లెమ్మా? మళ్ళీ అదే చెయ్యి."

ఆమె విజీ కళ్ళల్లోకి చూసింది. "నిజం చెప్పు. ఎనిమిదేళ్ళు నా మీట కిందికి లాగింది నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు?"

"ఈయన ముందు వరసలో కుర్రపిల్లల గొంతులు పెంచమనేవాడు. జనం వాళ్ళనే చూస్తారట. నీది దించమన్నాడు. దించాను. జీతం తిన్నాను." విజీ హర్దొనొ వైపు వేలెత్తలేదు, కానీ చూపు తిప్పలేదు. "కాదనమను."

హర్దొనొ టీ గ్లాసు కోసం అటూ ఇటూ చూశాడు.

"ఇప్పటికీ ఈయన్ని కలుస్తున్నావా?"

"పిలిచాడు. పనిలోకి రమ్మన్నాడు. ఆలోచిస్తానన్నాను. అవునన్లేదు, కాదనీ అన్లేదు. ఇంట్లో పిల్లలున్నారక్కా."

ఎంత వెధవ నిజాయితీ! అబద్ధం చెప్పి ఉంటే ఆమె పని తేలికయ్యేది. డోలువాడు పళ్ళు కొరుకుతున్నాడు. ఊరిపెద్ద గడియారం చూసుకుంటున్నాడు. తెర ముందు చెలికత్తెల హాస్యం చివరికొస్తోంది. ఫోన్లో చూసేవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

రుబియెం ఆ తెల్లటి పెట్టెని చూసింది. నేతిలాంటి తన గొంతు అందులో ఉంది. "ఇన్నాళ్ళూ ఈమె ఎక్కడుంది?" అని రాసిన మనిషి ఇంకా వింటూ ఉండొచ్చు. తర్వాత హర్దొనొని చూసింది. అతని మొహంలో చిన్న ఆత్రం కనబడింది. ఆమె ఆ పెట్టెనే పట్టుకు వేలాడాలని, విజీ మీద చెయ్యెత్తాలని ఎదురుచూస్తున్నాడు. టీ గ్లాసుతో పాటు ఆ రోజు తన చేతిలో ఏం పెట్టాడో ఆమెకి అప్పుడు తెలిసింది. చెప్పింది నిజమే. నిజంలో సగం చెప్పాడు. సగం నిజం నిండు అబద్ధం కన్నా ఎక్కువ దూరం నడుస్తుంది.

"తీసెయ్," అంది.

"అక్కా, నీ గొంతు..."

"తీసెయ్యమన్నానా! నేనొక్కదాన్నే వినబడడానికి ఇంతమంది చీటీ కట్టారా? నీ మీద నమ్మకమొచ్చి కాదు, గుర్తుపెట్టుకో. జేగంట కోసం."

విజీ తీగలు పీకాడు, మార్చాడు. రుబియెం వెళ్ళి తన చాప మీద కూచుంది. ముందున్న మైకుని పక్కకి జరిపి, ఉత్త గాల్లోకి పాడింది. చిన్నప్పుడు మైకులు లేని రోజుల్లో వాళ్ళమ్మ పాడినట్టు, పందిరి చివర నిలబడ్డ వాడికి కూడా తగలాలని, పొట్ట లోపల్నించి పాడింది. వరస చివర జేగంట మోగింది.

ఫోన్లో మాటలు కట్టలు తెగినట్టు వచ్చాయి. "వచ్చింది!" "ఇప్పుడు మా ఊళ్ళో ఉన్నట్టుంది." హాంకాంగ్ ఆమె, "అంట్లు ఆపేశాను, కూచుని వింటున్నాను," అని రాసింది. ఎవడో ఇంకొకడు మాత్రం, "కోడి ఎందుకు కూస్తోంది? పాటకత్తె ఏ బావిలో ఉంది?" అని రాశాడు. రుబియెం అది చదివి, వాడి మూడు తరాల వాళ్ళని మనసులో తిట్టి, ఇంకా గట్టిగా పాడింది.

సాయంత్రం అయ్యేసరికి హర్దొనొ కుర్చీ ఖాళీగా ఉంది. ఊరిపెద్ద వచ్చే ఏడు మాట ఎత్తలేదు, కానీ ఇంకో ఊరిపెద్ద విజీ దగ్గర ఫోను నంబరు తీసుకున్నాడు.

తర్వాత వారం కొత్త అంగడి వాళ్ళు విప్పిన పెట్టె వెనక్కి తీసుకునేది లేదన్నారు. లియాంగ్ తీసుకున్నాడు. అతని మేనకోడలు ఫోన్లో బాతిక్ బట్టలమ్ముతుంది, రోజంతా మాటలే. ఆమె నోటికి ఆ పెట్టె సరిగ్గా సరిపోయింది. దానికి బదులు పాత మిక్సర్ని ఇస్తానన్నాడు.

"పరీక్ష చేశాకే," అంది రుబియెం.

"చెయ్యి. ఇక్కడే ఉందిగా."

"జేగంట దుకాణానికి రాదు. నీ దుకాణమే జేగంట దగ్గరికి రావాలి."

లియాంగ్ గొణుక్కుంటూనే మిక్సర్ని వ్యాన్లో వేసుకుని ఊరికి వచ్చాడు. వొంగ్సొ తాతని ఒప్పించడానికి రుబియెంకి రెండు పూటలు పట్టింది. చివరికి ఆయన పువ్వులు పెట్టి, సాంబ్రాణి వేసి, జేగంట చెవి దగ్గర వంగినట్టు వంగి, "వీళ్ళు నిన్ను పరీక్షించడం లేదు, ఆ డబ్బాని పరీక్షిస్తున్నారు, కోపం తెచ్చుకోకు," అని చెప్పాడు. ఎర్రగుడ్డ చుట్టిన కొయ్య ఎత్తి ఒక్కసారి కొట్టాడు.

రుబియెం చెవులకి హెడ్‌ఫోను. మోత లేచింది, నిండింది, ఊగింది. అల మీద అల, ఒక్కొక్కటీ ముందుదాని కన్నా నెమ్మదిగా, చివరికి ఉందో లేదో తెలీనంత సన్నగా. అది పూర్తిగా పోయేదాకా ఆమె కనురెప్ప వెయ్యలేదు.

"ఇంకోసారి," అంది.

"ఒక్కసారే," అన్నాడు తాత. కొయ్య గుడ్డలో చుట్టేశాడు.

విజీ కొత్త టేపు ముక్క ఇచ్చాడు. ఆమె తన పేరు తనే రాసి మీట కింద అంటించింది. మీటని పై సగంలోకి నెట్టి, అక్కడ బిగుసుకుపోయి ఉంటే గోరుతో దుమ్ము గీకింది. "దీని మీద చెయ్యి పడితే వేళ్ళు విరుస్తాను," అంది. విజీ సరేనన్నాడు. హర్దొనొకి ఏం జవాబిచ్చాడో చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. అడిగితే మళ్ళీ నిజమే చెబుతాడేమోనని భయం.

విజీ, లియాంగ్ మిగతా తీగలు తెద్దామని పెరట్లోకి వెళ్ళారు. విజీ చొక్కాకి పరీక్ష కోసం తగిలించిన తీగలేని చిన్న మైకు అలాగే ఉంది. దాని చిన్న దీపం ఇంకా వెలుగుతోందని రుబియెం చూసింది, అతనికి చెప్పలేదు. హెడ్‌ఫోను తియ్యకుండా, వొంగ్సొ తాత ఇచ్చిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, ఎటో చూస్తున్నట్టు కూచుంది.

చెవుల్లో లియాంగ్ గొంతు, గుసగుసగా: "ఏమంటోంది మీ అక్క? నమ్మిందా?"

విజీ గొంతు: "ఏం నమ్ముతుంది! ఈ మైకు ఆపలేదని నాకు తెలీదనుకుంటోంది."